నలభై కుటుంబాలు కలిసి ఒక రైతుకు ముందే డబ్బు కడితే నడుస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కొండాపూర్‌లో మీ అపార్ట్‌మెంట్ నుంచి ఓ నలభై కుటుంబాలు కలిసి, చేవెళ్ల దగ్గర రెండున్నర ఎకరాలున్న ఒక రైతుకు సీజన్ డబ్బు ముందే ఇద్దామనుకుంటున్నారు. ఆయన మందులు కొట్టకుండా పండించి వారానికోసారి కూరగాయలు పంపిస్తారు. ఇది నడుస్తుందా, ఖర్చు తగ్గుతుందా, మోసపోకుండా ఏం చూసుకోవాలి అని మీ ప్రశ్న. కొన్నేళ్ళుగా చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు రైతులకూ సిటీలోని ఇలాంటి గ్రూపులకూ మధ్య తిరుగుతున్నాను కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను.

ఖర్చు సంగతి ముందు. తగ్గదు. చౌకే కావాలంటే మెహదీపట్నం రైతుబజార్‌కో ఎర్రగడ్డ రైతుబజార్‌కో వెళ్ళండి, అందులో తప్పేం లేదు. 1999 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ బజార్లు రైతు నేరుగా అమ్ముకోవడానికి పెట్టినవే. లోపాలున్నా ఇప్పటికీ సామాన్యుడికి అంతకంటే మంచి దారి లేదు. కాకపోతే అక్కడ మీరు కొనేది పండిన పంట. వడగళ్ళు పడ్డా, పురుగు తిన్నా, ఆ నష్టం మీ దాకా రాకముందే రైతు మోసేసి ఉంటాడు. మీరిప్పుడు చేయబోతున్నది ఇంకా పండని పంట కొనడం. ఆ నష్టంలో వాటా తీసుకోవడం. జపాన్‌లో 1970లలో గృహిణులూ రైతులూ కలిసి ‘తేకేయి’ పేరుతో మొదలుపెట్టినా, అమెరికాలో 1986లో రెండు పొలాలు ఇదే పద్ధతిలో సభ్యుల్ని చేర్చుకున్నా, అసలు ఒప్పందం ఇదే. మందుల్లేని కూరగాయ దాని వెంట వచ్చేది.

ఎందుకు తగ్గదో కూడా చెప్పాలి, లేకపోతే మీ గ్రూపులో ఎవరో ఒకరు ‘మధ్యలో దళారీ లేడు కదా, మరి రేటెందుకు ఇంత?’ అని తప్పకుండా అడుగుతారు. టమాటాకు మనం పెట్టే రూపాయిలో రైతుకు చేరేది సుమారు 33 పైసలేనని 2024లో వచ్చిన రిజర్వ్ బ్యాంక్ పరిశోధన పత్రం ఒకటి లెక్క కట్టింది. ఉల్లికి 36, ఆలుగడ్డకు 37. ఈ అంకె వినగానే మిగతా 67 పైసలూ ఎవరో తినేస్తున్నారని అందరికీ కోపం వస్తుంది. కొంత నిజం. కానీ బండి కిరాయి, ఎక్కించి దించే హమాలీ, దారిలో నలిగేది, సాయంత్రానికి వాడిపోయేది, షాపు అద్దె, అమ్ముడుపోక పారేసేది, అన్నీ అందులోనే ఉన్నాయి. బోయినపల్లి మార్కెట్‌లో రోజూ మిగిలిపోయే కూరగాయల చెత్తతో బయోగ్యాస్ ప్లాంటు పెట్టి కరెంటు తీస్తున్నారంటే వృథా ఏ పాటిదో ఊహించుకోండి. దళారీని తీసేస్తే ఈ పనులు మాయం కావు, మీ మీదికొస్తాయి. ట్రాలీ ఆటో కిరాయి రెండు వేలనుకుంటే నలభై ఇళ్ళకు తలా యాభై. పది మంది మానేస్తే అదే దాదాపు డెబ్బై. ఆదివారం పొద్దున సెల్లార్‌లో కూర్చుని సంచులు లెక్కపెట్టే మనిషికి జీతం లేదు కాబట్టి ఆ ఖర్చు కనిపించదు, కానీ మూడో నెలకు ఆ మనిషి విసిగిపోతాడు. ఎక్కువగా విసిగిపోతుంది అనాలి, నేను చూసినంతలో ఆ పని ఆడవాళ్ళ మీదే పడుతుంది.

ఇక నడుస్తుందా అన్న ప్రశ్న. మంచి మనసు ఉంటే నడుస్తుందనుకుంటారు. నా అనుభవంలో మనసు కంటే బెండకాయ ముఖ్యం.

బెండ విత్తిన 45–50 రోజులకు కాత మొదలవుతుంది. అక్కణ్ణుంచి రోజు విడిచి రోజు తెంపాల్సిందే. ఒక్క రోజు ఆలస్యమైతే కాయ ముదిరి పీచు పడుతుంది. ముదురు కాయను చెట్టు మీదే వదిలేస్తే కొత్త పూత తగ్గిపోతుంది కాబట్టి అమ్ముడుపోయినా పోకపోయినా కూలీని పెట్టి తెంపాలి. అంటే వారానికి మూడు నాలుగు కోతలు. మీ బండి వచ్చేది ఆదివారం పొద్దున. శుక్రవారమో శనివారమో తెంపిన కాయ మీకొస్తుంది. సోమవారం, బుధవారం తెంపింది ఎక్కడికి పోవాలి? మామూలుగా మార్కెట్‌కే పోతుంది, అక్కడ దానికి మందు కొట్టారా లేదా అని ఎవరూ అడగరు, అన్నిటితో పాటే రేటు. మందు కొట్టకపోతే దిగుబడి కొంత తగ్గింది, ఆ తగ్గిన పంటలో సగం పైనే మామూలు ధరకే పోయింది. ఏడాది తిరిగేసరికి రైతు మళ్ళీ పత్తో వరో వేసుకోవడంలో ఆశ్చర్యం లేదు.

అందుకే ఇలా అడిగే ప్రతి గ్రూపుకూ నేను చెప్పేది: ఆ రైతుకు మీరు ఒక్కరే కావద్దు. మీకు ఆదివారమైతే, గచ్చిబౌలిలోనో మణికొండలోనో ఇంకో గ్రూపుకు బుధవారం. పోటీ అనుకోకండి, ఆ రెండో గ్రూపు ఉంటేనే మీది నిలబడుతుంది. సొర, కాకర, క్యారెట్, చామగడ్డ రెండు మూడు రోజులు ఆగగలవు. ఆకుకూరలకు వేరే ఉపాయం ఉంది: పాలకూర, మెంతి, కొత్తిమీర మడులన్నీ ఒకేసారి చల్లకుండా వారానికొకటి చొప్పున చల్లితే ఎప్పుడూ ఒక మడి కోతకు ఉంటుంది. మెంతికి నెల లోపే, కొత్తిమీరకు ఇంకో పది రోజులు. ఏళ్ళుగా మార్కెట్‌కు పంపిన రైతుకు ఎకరం మొత్తం ఒకే పంట వేసి ఒకేసారి బండి నింపడం అలవాటు. పన్నెండు రకాలు చిన్న చిన్న మడుల్లో వేయడం వేరే విద్య. మీ రైతు ఇంతకుముందు అలా వేసి ఉన్నారా అన్నది కనుక్కోండి. లేకపోతే మొదటి సీజన్ ఆయనకూ పాఠమే.

రెండో పరీక్ష టమాటా. 2023 జూలై గుర్తుందా? మదనపల్లె మార్కెట్లో కిలో రెండు వందల దగ్గరకు పోయింది. సెప్టెంబర్ వచ్చేసరికి ధర కుప్పకూలి, కొన్నిచోట్ల రైతులు పారబోసుకున్నారు. మీరు కిలో యాభై అని ముందే ఖాయం చేసుకున్నారనుకోండి. జూలైలో పక్క పొలం వాళ్ళు రైతును ‘నీకేమన్నా పిచ్చా’ అంటారు. సెప్టెంబర్‌లో మీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫోన్‌లో ఆప్ తెరిచి స్క్రీన్‌షాట్ పెడతారు, ‘ఇక్కడ పదిహేనే ఉంది, పది నిమిషాల్లో ఇంటికొస్తుంది’ అని. చాలామంది రైతు మాట తప్పుతాడేమోనని టెన్షన్ పడతారు. జూలైలో రైతు మాట తప్పడం నేను తక్కువ చూశాను. సెప్టెంబర్‌లో సభ్యులు ఒక్కొక్కరే జారుకోవడం ఎక్కువ చూశాను.

కాబట్టి కిలో ధర అనే మాటే ఒప్పందంలో రాయకండి. పొలం ఖర్చు రాయండి. విత్తనం, నారు, పశువుల ఎరువు ట్రాలీలు, పందిరికి కర్రలు, వైరు, కలుపు కూలీ, కోత కూలీ, ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతానికి బెల్లం, శనగపిండి. తెలంగాణలో వ్యవసాయానికి కరెంటు ఉచితం కాబట్టి ఆ పద్దు ఉండదు, మోటారు రిపేరు మాత్రం ఉంటుంది. ఈ లెక్క వేసేటప్పుడు గమనించండి, రైతు తన కూలీ, తన భార్య కూలీ కలపరు. ‘మా పనికేం లెక్క సార్’ అంటారు. పట్టుబట్టి కలిపించండి. ఆ మొత్తం మీద రవాణా వేసి కుటుంబాల సంఖ్యతో భాగిస్తే మీ వాటా తేలుతుంది. అప్పుడు టమాటా రెండు వందలైనా ఇరవైయైనా మీకు వారం వారం వచ్చే డబ్బాలో ఏది పండితే అది వస్తుంది, ఎవరికీ స్క్రీన్‌షాట్ పెట్టే అవసరం రాదు. సరే, పెట్టడం మానకపోయినా తక్కువ పెడతారు.

డబ్బంతా ఒకేసారి ఇవ్వకండి. ఆయన మీద అనుమానంతో చెప్పడం లేదు. ఇంట్లో ఒకేసారి పెద్ద మొత్తం ఉంటే పాత బాకీవాడు వస్తాడు, పిల్లల ఫీజు వస్తుంది, చుట్టాల పెళ్ళి వస్తుంది. ఎనిమిదో వారంలో కోత కూలీకి డబ్బుండదు. విత్తనం దగ్గర మూడో వంతు, మొదటి డబ్బా వచ్చినప్పుడు మూడో వంతు, సీజన్ సగంలో మిగతాది. ఇలా చేస్తే వడ్డీ వ్యాపారి దగ్గరకో, మార్కెట్లో కమీషన్ మీద పంట అమ్మిపెట్టే ఆడ్తి దగ్గరకో పోయే అవసరం తప్పుతుంది. అది మీ డబ్బు చేసే అసలు మేలు. ఆడ్తిలో అప్పు తెచ్చుకున్నవాడు పంట కూడా ఆ ఆడ్తికే వేయాలి, రేటు అడిగే నోరు ఉండదు.

మందుల సంగతికొస్తే మీ భయం అర్థమవుతుంది. సిటీ చుట్టూ కూరగాయలంటే మూసీ మురుగు నీళ్ళతో పెంచిన ఆకుకూర గుర్తొస్తుంది అందరికీ. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు వాడకాన్ని 2005లోనే నిషేధించినా మందుల షాపులో ఏ పంటకని అడిగేవాళ్ళు తక్కువ. కానీ ‘ఆర్గానిక్ సర్టిఫికెట్ ఉందా’ అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోకండి. చిన్న రైతు నేరుగా తినేవాళ్ళకు అమ్మితే 2017 ఆహార భద్రతా నిబంధనల్లోనే సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంది. పీజీఎస్ అనే పద్ధతి కూడా ఉంది, అందులో కనీసం అయిదుగురు రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు. అది మీ రైతు ఒక్కరితో కుదరదు, పక్కన ఇంకో నలుగురు ఉండాలి. రెండున్నర ఎకరాల్లో మీకు ఎకరమే మందు లేకుండా చేస్తున్నారంటే, పక్క పత్తి చేను నుంచి మందు గాలికి కొట్టుకు రాకుండా గట్ల వెంట జొన్నో మొక్కజొన్నో రెండు మూడు వరసలు వేశారా చూడండి. నాకైతే ఏ కాగితం కంటే అది ఎక్కువ చెప్తుంది. మందు లేకుండా చేసేవాళ్ళకు ఆ వరసలు వేయడం ఎవరూ చెప్పక్కర్లేదు.

వంకాయ గురించి మాత్రం మీ సభ్యులకు ముందే చెప్పి పెట్టండి. మొవ్వు, కాయ తొలిచే పురుగు ఒకటుంది. కాయ మీద గుండుసూది మొనంత చుక్క, కోస్తే లోపల నల్లటి దారి, దాని చివర గులాబీ రంగు పురుగు. మామూలు సాగులో ఈ ఒక్క పురుగు కోసమే వంకాయ మీద పదే పదే మందు పడుతుంది. మందు లేని పొలంలో వాడిపోయిన మొవ్వలు తుంచి కాల్చడం, మగ పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టడం, వేప కషాయం కొట్టడం చేస్తారు. అయినా పదింట్లో రెండు మూడు కాయలు పోతాయి. మొదటి పురుగు ఫోటో గ్రూపులో పడ్డ రోజు మీ గ్రూపు భవిష్యత్తు తేలిపోతుంది. ‘ఆ ముక్క తీసేసి వండుకోండి’ అని నిదానంగా చెప్పే పెద్దమనిషి ఒకరు ఉంటే చాలు.

ఇంకో విషయం ఎవరూ అడగరు. సభ్యత్వం కట్టేది ఎవరు, వండేది ఎవరు? ఉత్సాహంగా పేరు రాయించేది భర్త. రాత్రి తొమ్మిదింటికి గంగవాయిలి కూర కడిగి, కాడలు గిల్లి, మట్టి వదిలించేది ఇంకొకరు. చాలా ఫ్లాట్లలో అది వంటమనిషి, ఆవిడకు ఇచ్చే టైము గంట. మే నెలలో ఈ చుట్టుపక్కల టమాటా పూత ఎండకు రాలిపోతుంది. అప్పుడు వరసగా సొర, బీర, దోస, మళ్ళీ సొర. మూడో సొరకాయ వచ్చిన వారం ‘ఇంకేం లేదా’ అని మెసేజ్ వస్తుంది. చిక్కుడు చలికాలంలోనే. ఉల్లి, అల్లం మీ డబ్బాలో ఆశించకండి. ఆలుగడ్డ జహీరాబాద్ వైపు చలికాలంలో పండుతుంది, మీ చేవెళ్ల నేల క్యారెట్‌కు పేరు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినాలి. నలుగురున్న ఇంటికి వారానికి పదకొండు కిలోలు దాటుతుంది. మీ ఇంట్లో వారానికి ఎన్ని కిలోలు వండుతున్నారో ఒకసారి తూచి చూడండి. అయిదారు దాటని ఇళ్ళే ఎక్కువ. కాబట్టి డబ్బా ఆరు కిలోలకు మించి పెట్టకండి, మిగిలిపోయి ఫ్రిజ్‌లో కుళ్ళితే మొదట మానేసేది ఆ ఇల్లే.

ఇలాంటివి మన దగ్గర నిలబడ్డ చోట్ల సాధారణంగా ఒక్క రైతు, ఒక్క గ్రూపు అన్న లెక్క లేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత మహిళల సంఘాలు ముందు తమ ఇళ్ళకు జొన్న, కొర్ర, పప్పుల లెక్క చూసుకున్నాయి, విత్తనం తమ చేతిలో పెట్టుకున్నాయి, అమ్మకం తర్వాత. హైదరాబాద్‌లో సుస్థిర వ్యవసాయ కేంద్రం చొరవతో వచ్చిన ‘సహజ ఆహారం’ రైతు సహకార సంఘాలను కలిపి ఒక కంపెనీగా చేసింది. ఒక ఊళ్ళో బోరు ఎండిపోతే ఇంకో ఊరి బీరకాయ వస్తుంది. ఒక్క రైతు మీద నలభై కుటుంబాలు ఆధారపడటంలో ఆ వెసులుబాటు లేదు. ఆయనకు జ్వరమొస్తే మీకు కూరగాయలు లేవు.

పొలం కథ కూడా ఒకటుంది. ప్రభుత్వం మద్దతు ధరకు ఎక్కువగా కొనేది వడ్లు. బెండకాయను ఎవరూ మద్దతు ధరకు కొనరు. అందుకే నీళ్ళున్న రైతు వరికి పోతాడు, ధైర్యం చేసినవాడు, లేదా రోజువారీ డబ్బు అవసరమున్నవాడు కూరగాయలకు వస్తాడు. చేవెళ్ల రోడ్డులో ఎకరం కోట్లు పలుకుతోంది. జంట జలాశయాల కోసం చుట్టుపక్కల కట్టడాలను కట్టడి చేస్తూ 1996లో తెచ్చిన 111 జీవో ఎత్తేస్తామన్న మాట వచ్చినప్పటి నుంచి మొయినాబాద్ వైపు పొలాల చుట్టూ ప్రహరీలు ఇంకా పెరిగాయి. మీ రైతుది సొంత పొలమా, కౌలా? కౌలైతే రైతు భరోసా డబ్బు పట్టాదారుకే పోతుంది, పైగా రేపు ఆ పట్టాదారు అమ్మేస్తే మీ మడి వెంచర్ అయిపోతుంది. కౌలు రైతుతో చేయొద్దని అనను, వాళ్ళకే మీ అవసరం ఎక్కువ. కనీసం ఒక సీజన్‌కు పొలం యజమానితో కూడా మాట్లాడి పెట్టుకోండి.

నా సలహా సూటిగా. నలభై మందితో మొదలుపెట్టకండి. ధర పడిపోయిన నెలలో కూడా ఉంటారని మీకు పేరుపేరునా నమ్మకమున్న పదిహేను కుటుంబాలు తీసుకోండి. ముక్కాలు ఎకరం వాళ్ళకు చాలు, మిగతా పొలంలో ఆయన ఎప్పటిలా చేసుకుంటారు. మిగిలిన ఇరవై అయిదు ఇళ్ళ వాళ్ళు ముందు డబ్బు కట్టనక్కర్లేదు, మిగులు ఉన్న వారం గ్రూపులో చెప్తే కొనుక్కుంటారు. బుధవారం బెండకాయకు వాళ్ళే దారి కావచ్చు. పదిహేను మంది కూడా తేలకపోతే దీన్ని వదిలేసి ఏదైనా రైతు ఉత్పత్తిదారుల కంపెనీ దగ్గర వారం వారం ఆర్డర్ పెట్టుకోండి. అది చిన్నతనం కాదు, రైతుకు మధ్యలో చేయి వదిలేయడం కంటే వంద రెట్లు నయం.

వానాకాలంలో మొదలుపెట్టొద్దు. ఆకుకూర కుళ్ళుతుంది, టమాటాకు తెగులు, బండి బురదలో దిగబడుతుంది, మొదటి నెలలోనే సభ్యులు బెదిరిపోతారు. సెప్టెంబర్‌లో మొదటి వాయిదా ఇవ్వండి, నారు అప్పుడే పోస్తారు, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా డబ్బా. చిక్కుడు, క్యారెట్, క్యాబేజీ, టమాటా, మెంతి, పాలకూర, ఏదీ వెతుక్కోనక్కర్లేదు. వేసవికి కొనసాగించాలా వద్దా అన్నది ఫిబ్రవరిలో తేల్చుకోండి. అందుకోసం పొలం చూడ్డానికి వెళ్ళినప్పుడు ఒక్కటి తప్పకుండా అడిగి రండి: ఏప్రిల్‌లో బోరు ఆగకుండా ఎన్ని గంటలు పోస్తుంది, ఎన్ని అంగుళాల నీళ్ళు? ఆ రెండు అంకెలు ఇక్కడ పెడితే మే నెలకు ఎన్ని ఇళ్ళకు మాట ఇవ్వొచ్చో లెక్క వేసి చెప్తాను.